జింజు నది ఎగువకు

మే నెల మధ్యలో టొయామా మైదానమంతా నీళ్లే. రెండు పెట్టెల చిన్న రైలు ఊళ్ల మధ్య నుంచి నెమ్మదిగా వెళ్తుంటే ఇటుపక్కా అటుపక్కా నీళ్లు నిలిపిన వరి మడులు. ఆ నీళ్లలో తతెయామా కొండలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. మూడు వేల మీటర్ల ఎత్తు శిఖరాలు, వాటి మీద మంచు ఇంకా కరగలేదు. అది కరిగి దిగివస్తేనే ఇక్కడి కాలువలు పారతాయి. ఒకచోట నాటు యంత్రం పని ముగించుకుని గట్టెక్కింది. దాని వెనకే ఒక ముసలాయన బురదలోకి దిగి, యంత్రానికి అందని మూలల్లో చేత్తో నారు గుచ్చుతున్నాడు. మా సంగారెడ్డి వైపు నాట్లంటే ఆడవాళ్ల గుంపు, పాట, కట్ట మీద సద్దిమూటలు. ఇక్కడ అంత మడిలోనూ ఆయన ఒక్కడే.

టోక్యోలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు నాతో వచ్చాడు. జపనీస్ బాగా మాట్లాడతాడు. "మామా, జపాన్ వచ్చినోళ్లు క్యోటో చూస్తరు, ఫుజి కొండ చూస్తరు. నువ్వేమో పొలాలు చూస్తనంటున్నవ్" అన్నాడు బయల్దేరేటప్పుడు. నేను చూడాలనుకున్నది ఆ పొలాలను, వాటికి నీళ్లిచ్చే జింజు నదిని, ఆ నది పైన కొండల్లో ఉన్న ఒక గనిని. ఒకే ఒక్క చోట నుంచి వచ్చిన విషం ఒక మైదానాన్ని ఎలా పాడుచేసిందో, ఆ మైదానం వాళ్లు దాన్ని ఎలా కట్టడి చేశారో అక్కడికి వెళ్లి తెలుసుకోవాలని చాలా ఏళ్లుగా ఉంది. దానికి కారణం ఉంది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు నక్కవాగు ఒడ్డున. పటాన్‌చెరు, బొల్లారం వైపు నుంచి వచ్చి మంజీరలో కలిసే వాగు అది. ఒకప్పుడు చెలిమ తోడుకుని తాగేవాళ్లమని అమ్మమ్మ చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి దాని రంగు మారిపోయింది.

రైలు దిగిన ఊరు ఫుచు. ఇప్పుడది టొయామా నగరంలో భాగం. నగరం ఆనవాళ్లేమీ కనిపించవు. కాలువలు, నల్ల పెంకుల ఇళ్లు, ఇంటి ముందు చిన్న కూరగాయల మడి, దూరంగా నది కట్ట. కాలువలో నీళ్లు అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టుకోగలిగేంత తేటగా ఉన్నాయి. వంగి చేయి పెడితే వేళ్లు కొంకర్లు పోయాయి. ఒకప్పుడు ఈ కాలువ నీళ్లే ఇళ్లలో తాగేవాళ్లు, వాటితోనే వండేవాళ్లు, వాటితోనే వరి పండించేవాళ్లు. మూడు దారుల్లోనూ గని నుంచి వచ్చిన కాడ్మియం అనే విషలోహం ఒంట్లోకి చేరింది.

ఆ కాడ్మియం వల్ల వచ్చిన వ్యాధి మీద టొయామాలో ఒక మ్యూజియం ఉంది. టొయామా రాష్ట్ర ప్రభుత్వమే 2012లో కట్టింది. ఇతాయ్-ఇతాయ్ వ్యాధి మ్యూజియం అంటారు. 'నొప్పి, నొప్పి' అని రోగులు అరిచే అరుపే వ్యాధికి పేరైంది. ముందు నడుము నొప్పి. తర్వాత బాతులా ఊగుతూ నడక. తర్వాత మంచం. దగ్గు వస్తే పక్కటెముక విరుగుతుంది, వైద్యుడు నాడి చూద్దామని చేయి ఎత్తితే చేతి ఎముక విరుగుతుంది. ఒకామె ఒంట్లో 72 చోట్ల ఎముకలు విరిగాయి, ఆమె ఎత్తు 30 సెంటీమీటర్లు తగ్గింది. రోగుల్లో దాదాపు అందరూ ఆడవాళ్లే. నలుగురైదుగురు పిల్లల్ని కని, పొలంలో మగవాళ్లతో సమానంగా పనిచేసి, నడివయసు దాటిన తల్లులు. కాడ్మియం ముందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అవి ఒంటికి కావలసిన ఫాస్ఫరస్‌ను, కాల్షియాన్ని పట్టి ఉంచలేక మూత్రంలో వదిలేస్తాయి. కాన్పులతో, పాలివ్వడంతో అప్పటికే అరిగిన ఎముకలు మెత్తబడిపోతాయి.

మ్యూజియంలో ఒక పాత రైతు ఇంటి గదిని బొమ్మలతో చూపించారు. మంచం పట్టిన తల్లి, పక్కన ఇంటివాళ్లు. మేం వెళ్లినప్పుడు బడి పిల్లలు వచ్చారు. ఒక అమ్మాయి ఆ బొమ్మ ముందు నిలబడి నోట్సు రాసుకుంటోంది. టీచరు తొందర పెట్టలేదు, ఆ అమ్మాయి రాయడం పూర్తయ్యేదాకా మిగతా పిల్లలంతా చప్పుడు చేయకుండా ఆగారు. మన దగ్గర ఇలాంటి కథ మీద ప్రభుత్వం ఒక గది కడుతుందా, కట్టినా బడి పిల్లల్ని తీసుకెళ్తారా అని ఆలోచిస్తూ నేనూ ఆగాను.

ఇక్కడ రోగం 1910ల నుంచే ఉంది. గని ఇంకా పాతది. పైన కొండల్లోని ఆ కమియోకా గనులు మొత్తం మిత్సుయి కంపెనీ చేతికి వచ్చింది 1889లో. వెలికితీసింది ప్రధానంగా జింకు, సీసం. జింకు ఖనిజంలో కాడ్మియం కలిసే ఉంటుంది. ఖనిజాన్ని పిండిలా నూరి, నీళ్లలో తేల్చి లోహాన్ని వేరుచేసే పద్ధతి వచ్చాక, మిగిలిన మెత్తటి మడ్డి తకహార నదిలోకి వెళ్లింది. తకహార వెళ్లి జింజులో కలుస్తుంది. యుద్ధాల కాలంలో జింకు, సీసం ఎంత తీస్తే అంత గిరాకీ. మడ్డి కూడా అంతే పెరిగింది. కింద మైదానంలో రైతులు ఒక విషయం గమనించారు. కాలువ నీళ్లు మడిలోకి దిగే మడవ దగ్గర పైరు ఎదగదు, ఎండిపోతుంది. అవతలి చివర బాగానే ఉంటుంది. వరి పండించేవాడికి ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పనక్కర్లేదు. పైరు గురించి, చేపల గురించి వాళ్లు గనితో గొడవ పడ్డారు కూడా. మనుషుల ఎముకల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. పూర్వజన్మ పాపం అనుకున్నారు. అలాంటి ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు లేకపోవడంతో రోగిని లోపలి గదిలో దాచారు.

ఆ ముడి విప్పినవాడు ఊరి డాక్టరు హగినో నొబోరు. యుద్ధం నుంచి 1946లో తిరిగివచ్చి తండ్రి ఆస్పత్రి నడిపాడు. ఆయన చేసిన పనిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఒక మ్యాపు. రోగి ఉన్న ప్రతి ఇంటినీ దాని మీద చుక్కగా గుర్తించాడు. చుక్కలన్నీ జింజు నీళ్లు పారే పొలాల్లోనే పడ్డాయి. పడమర ఇదా నది, తూర్పున కుమానో నది. వాటి నీళ్లతో పండే ఊళ్లలో చుక్క లేదు. అదే గాలి, అదే కష్టం, అదే తిండి, నీరు ఒక్కటే వేరు. వ్యవసాయ శాస్త్రవేత్త యోషియోకా కిన్‌ఇచితో కలిసి 1961లో కాడ్మియమే కారణమని వైద్యుల సభలో చెప్పాడు. పేరు కోసం చేస్తున్నాడన్నారు, ఊరి బియ్యానికి ధర పోగొడుతున్నాడన్నారు. రోగుల పక్కన నిలిచిన ఆ డాక్టరును రోగుల ఊళ్లలోనే కొందరు దూరం పెట్టారు. 1968 మే నెలలో జపాన్ ప్రభుత్వం ఒప్పుకుంది. కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధిగా ఆ దేశం గుర్తించిన మొదటిది ఇదే. ఇప్పటిదాకా అధికారికంగా రోగులుగా గుర్తించింది దాదాపు 200 మందిని. గుర్తింపు మొదలవక ముందే పోయినవాళ్లు ఆ లెక్కలో లేరు.

టొయామా మందుల ఊరు అన్న సంగతి కూడా అక్కడే తెలిసింది. మూడు వందల ఏళ్ల కిందటి నుంచి ఈ ఊరి వ్యాపారులు మందుల పెట్టె మోసుకుని జపాన్ అంతా తిరిగేవాళ్లు. పెట్టె ఇంట్లో పెట్టి వెళ్తారు. మరుసటేడు వచ్చి, వాడిన మందులకే డబ్బు తీసుకుని, పెట్టె మళ్లీ నింపి వెళ్తారు. ఇప్పటికీ ఇక్కడ మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. మాదీ మందుల ప్రాంతమే. పటాన్‌చెరు చుట్టుపక్కల తయారయ్యే మందులు ఎన్నో దేశాలకు వెళ్తాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి శుద్ధి అయ్యి బయటికొస్తున్న నీళ్లను పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. వాగు దిగువన పశువులు తాగే నీళ్లు అవి. మందులు చేసే చోట నీళ్లు మందులతో పాడవడం గురించి టొయామాలో ఆ పాత మందుల పెట్టె ముందు నిలబడి తలచుకుంటే గొంతు పట్టేసింది.

మరునాడు నది కట్ట మీద నడిచాం. ఎండ ఉన్నా గాలి చల్లగా ఉంది. మడి గట్టు మీద కూర్చుని భోజనం చేస్తున్న ఒక రైతు దంపతులు మమ్మల్ని చూసి, టోపీ తీసి తల వంచారు. మేనల్లుడు వెళ్లి మా సంగతి చెప్పాడు. ఇండియాలో మేమూ వరి పండిస్తామని, మా వాగు కూడా పాడైందని విన్నాక ఆమె లేచి తన పక్కన చోటిచ్చింది. ఎండు సముద్రపు పాచి తురుముతో చుట్టిన అన్నం ముద్దలు రెండు మా చేతుల్లో పెట్టింది. టొయామాలో అన్నం ముద్దను ఇలాగే చుడతారట. పాచి కొద్దిగా పుల్లగా, ఉప్పగా ఉంది, అన్నం జిగటగా, తియ్యగా ఉంది. కోషిహికారి అనే రకం. ఆ అన్నం ఈ పొలానిదేనా అని అడిగాను. ఇదే మడి అని ఆయన బురద చేత్తో చూపించాడు.

ఆ మడి నేలను మార్చారు. నేనిక్కడికి వచ్చిన పెద్ద కారణాల్లో అదొకటి. గని నుంచి మడ్డి రావడం ఆగినా, దశాబ్దాలుగా మడుల్లో పేరుకున్న కాడ్మియం అక్కడే ఉంటుంది. లోహం కుళ్లదు, ఆవిరైపోదు. 1979లో మొదలుపెట్టి 2012 దాకా, 33 ఏళ్లు, ఈ మైదానంలో 863 హెక్టార్ల నేల బాగుచేశారు. మన లెక్కలో 2,100 ఎకరాలు పైనే. దాదాపు 4,070 కోట్ల యెన్లు ఖర్చయింది, కంపెనీతో పాటు ప్రభుత్వాలు కూడా భరించాయి. పద్ధతి వింటే తేలికగా అనిపిస్తుంది. పాడైన పైమట్టి తోడి లోతుగా పూడుస్తారు. దాని మీద గులకతో గట్టి పొర వేసి అణచివేస్తారు. ఆ పైన కొండమట్టి తెచ్చి పరుస్తారు. పైన పరిచింది మొత్తం కలిపి ఒక జానెడు. ఆ జానెడు కింద పాత నేల ఇప్పటికీ ఉంది.

కొండమట్టి మొదట్లో చచ్చు మట్టి అని ఆ రైతు చెప్పాడు. ఎరువు, గడ్డి, మళ్లీ ఎరువు. తన తండ్రి చేతుల మీదుగా తయారైన పొలం మట్టిని తోడేస్తుంటే ముసలాయన ఇంట్లోంచి బయటికి రాలేదట. ఎన్నో ఏళ్లకు గానీ ఆ మడి మళ్లీ పొలమనిపించుకోలేదు. ఇప్పుడు కూడా లోతుగా దున్నకూడదు, ఆ గట్టి పొర పగలకూడదు. ట్రాక్టరు నడిపే కొడుక్కి తాను మొదట నేర్పింది అదేనని చెప్పి, ఆయన చేయి అడ్డంగా పెట్టి లోతు చూపించాడు. మేం లేచి వచ్చేటప్పుడు ఇద్దరూ గట్టు మీద నిలబడి, మేం మలుపు తిరిగేదాకా తల వంచుతూనే ఉన్నారు.

ఫుచులో బాధితుల సంఘానికి ఒక భవనం ఉంది, సెయిర్యు కైకన్ అని పేరు. అక్కడ ఒకామె మాకు టీ ఇచ్చి కూర్చోబెట్టింది. పచ్చ టీ, చక్కెర లేదు, పక్కన చిన్న బియ్యప్పిండి బిళ్లలు. ఆమె చెప్పిన కథే ఈ ప్రయాణంలో నాకు దొరికిన అసలు సరుకు.

1966లో కొమత్సు యోషిహిసా అనే రైతు ముందుండి సంఘం కట్టాడు. 1968 మార్చిలో మిత్సుయి మీద కేసు వేశారు. అప్పట్లో పెద్ద కంపెనీని కోర్టుకు లాగడమంటే ఊళ్లో ఇల్లూ పొలమూ పణంగా పెట్టడమే. జపాన్ గనుల చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, గని వల్ల హాని జరిగిందని తేలితే చాలు, కంపెనీ నిర్లక్ష్యం చేసిందని వేరుగా రుజువు చేయనక్కర్లేదు. హాని మాత్రం రుజువు చేయాలి. 1971 జూన్‌లో గెలిచారు. జపాన్‌లో నాలుగు పెద్ద కాలుష్య కేసులంటారే, వాటిలో బాధితుల పక్షాన వచ్చిన మొదటి తీర్పు అది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 1972 ఆగస్టు 9న హైకోర్టు కూడా రైతుల పక్షమే చెప్పింది.

ఎవరైనా అక్కడ ఆగి పండగ చేసుకుంటారు. వీళ్లు మరునాడే టోక్యోలో మిత్సుయి ప్రధాన కార్యాలయంలో కూర్చున్నారు. గంటల తరబడి కదలకుండా కూర్చుని మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఒకటి రోగులకు పరిహారం. రెండోది పాడైన నేల బాగుచేయడం. మూడోది కాలుష్య నివారణ ఒప్పందం. ఆ మూడో కాగితంలో ఉన్నది ఇదీ: బాధిత గ్రామాలవాళ్లు ఎప్పుడు అవసరమనుకుంటే అప్పుడు గనిలోకి, ఫ్యాక్టరీలోకి వెళ్లి చూడవచ్చు. తాము ఎంచుకున్న శాస్త్రవేత్తలను వెంట తీసుకెళ్లవచ్చు. అడిగిన లెక్కలు, కాగితాలు కంపెనీ ఇవ్వాలి. ఈ మొత్తం ఖర్చు కంపెనీదే.

మేనల్లుడు ఒక్కో వాక్యం అనువదిస్తూ ఇక్కడ ఆగి, నా వైపు తిరిగి, "మామా, ఇది సర్కారు ఇచ్చిన హక్కు కాదు, కోర్టు ఇచ్చింది గూడ కాదు. వీళ్లే రాయించుకున్నరు" అన్నాడు.

ఆ ఏడాది నుంచే తనిఖీ మొదలైంది. నేటికీ ఏటా జరుగుతోంది. బస్సుల్లో రైతులు, వాళ్ల పిల్లలు, లాయర్లు, విశ్వవిద్యాలయాల వాళ్లు గనికి వెళ్తారు. ప్లాంట్లు, నీళ్లు వదిలే చోట్లు, మడ్డి నిలవచేసిన కట్టలు చూస్తారు. సాయంత్రం కంపెనీ వాళ్లతో ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు. ఏడాది పొడవునా శాస్త్రవేత్తలు విడిగా పరిశోధన చేస్తూనే ఉంటారు. మొదట్లో వాళ్లు వెతికింది విషం ఏ గొట్టం నుంచి వస్తోందన్నది. తీరా చూస్తే ఒక్క గొట్టం కాదు. గనిలో ఊరే శుభ్రమైన నీళ్లు, మురికి నీళ్లు కలిసిపోతున్నాయి. పాత ప్లాంట్ల కింద నేలలో ఇంకిన కాడ్మియం భూగర్భజలంతో మెల్లగా నదిలోకి ఊరుతోంది. చెట్లు పోయి బోడిగా మారిన కొండ నుంచి వానకు మట్టి కొట్టుకొస్తోంది. ఒక్కొక్కటీ కొలిచారు. శుభ్రమైన నీటిని మురికి నీటితో కలవకుండా లోపలే విడదీశారు, ఊట నీళ్లను తోడి శుద్ధి చేశారు, కొండ మీద చెట్లు పెంచారు. నదిలో కాడ్మియం ఇప్పుడు ప్రకృతిలో సహజంగా ఉండే స్థాయికి వచ్చింది.

దీంట్లో నాకు ఎక్కువగా నచ్చింది ఓపిక. నిరసన చేయడానికి ఒక రోజు చాలు. యాభై ఏళ్లపాటు ఏటా అదే గేటుకు వెళ్లి, పోయినేడు ఈ గుంట దగ్గర ఇంత ఉందన్నారు, ఈ ఏడు ఎందుకు పెరిగింది అని అడగడం వేరే రకం పని. మొదట వెళ్లినవాళ్లలో చాలామంది పోయారు. ఇప్పుడు వాళ్ల మనవలు వెళ్తున్నారు. మాకు టీ ఇచ్చినామె లేచి అల్మరా తెరిచి చూపించింది, ఏటేటా తనిఖీ కాగితాలు వరసగా కట్టలు కట్టి ఉన్నాయి. మా వైపు వాగులో చేపలు తేలినప్పుడల్లా అధికారులు రావడం, సీసాల్లో నీళ్లు పట్టుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ సీసాల ఫలితం ఏమైందో ఊళ్లో ఎవరి దగ్గరా కాగితం ఉండదు.

మధ్యాహ్నం రైలెక్కి నదితో పాటు పైకి వెళ్లాం. మైదానం ముగిసేచోట కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరికి జరుగుతాయి, నది లోతున ఆకుపచ్చగా ఉంటుంది. మధ్యలో కరెంటు కోసం కట్టిన ఆనకట్టలు. ఇనోతాని దగ్గర టొయామా హద్దు. అక్కడి నుంచి రోడ్డు మీద తకహార వెంట కమియోకా. దేవదారులాంటి చెట్ల చీకటి, సొరంగాలు, మళ్లీ ఒక్కసారిగా వెలుగు. కొండ వాలు మీద ఫ్యాక్టరీ కనిపించింది. మెట్లు మెట్లుగా షెడ్లు, గొట్టాలు, పొగగొట్టం. కింద నది. ఆ రెంటి మధ్య రోడ్డు వెడల్పే తేడా. ఈ వాలు నుంచి జారిన మడ్డి కింద మైదానంలో ఒక తల్లి పక్కటెముక దాకా వెళ్లిన దారంతా ఒకే రోజులో చూశాను. మ్యాపు మీద చూసినప్పుడు ఆ దూరం ఇంత తక్కువని తోచలేదు.

ఖనిజం తవ్వడం 2001లో ఆపేశారు. ఇప్పుడు బయటి నుంచి ఖనిజం తెప్పించి జింకు చేస్తున్నారు, పాత బ్యాటరీల నుంచి సీసం తీస్తున్నారు. పని నడుస్తోంది, ఊరికి జీతాలు వస్తున్నాయి. కమియోకా ఊరు నాకు బాగా నచ్చింది. సందుల్లో కొండ ఊట నీళ్లు పారే రాతి తొట్లు ఉన్నాయి. ఒక తొట్టిలో తాగే నీళ్లు, దాని కింది తొట్టిలో కూరగాయలు కడుగుతారు, ఆ కిందిదాంట్లో గిన్నెలు. పైవాడు కిందివాడికి నీళ్లు పాడుచేయకూడదన్న కట్టుబాటు ఆ సందులో అందరికీ తెలుసు. ఒక ముసలామె దోసకాయలు కడుగుతూ, దాహంగా ఉందా అని సైగ చేసి తన గిన్నె ఇచ్చింది. తాగాను. పళ్లు జివ్వుమన్నాయి.

గని ఉన్న కొండల్లోనే, నేలకు కిలోమీటరు లోతున, సూపర్-కమియోకాండే అనే ప్రయోగశాల ఉంది. 50,000 టన్నుల అతిశుద్ధమైన నీళ్లు నింపిన తొట్టి, న్యూట్రినోల జాడ పట్టడానికి. ఈ గనిలో జరిగిన పరిశోధనలకు 2002లో కోషిబాకు, 2015లో కజితాకు నోబెల్ బహుమతులు వచ్చాయి. దాని గురించి ఊళ్లో అందరూ గర్వంగా చెబుతారు. లోపలికి వెళ్లే వీలు లేకపోయింది. మా మేనల్లుడికి అదొక్కటే నిరాశ.

రాత్రి భోజనం చేసిన చోట, ఎండిన పెద్ద ఆకు మీద సోయా ముద్ద, ఉల్లికాడలు, పుట్టగొడుగులు వేసి బొగ్గుల మీద పెట్టారు. ఆకు అంచులు కాలే వాసనకే ఆకలి పెరిగింది. పక్క బల్ల దగ్గర గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాటల్లో కలిశాడు. మేం ఎందుకు వచ్చామో విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. చిన్నప్పుడు కింది ఊళ్లవాళ్లంటే తమ ఇళ్లలో కోపంగా ఉండేదట, మన నోటికాడ కూడు తీసేస్తారని. తాను పనిలో చేరాక తనిఖీకి వచ్చినవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పే రోజు వచ్చింది. ఫలానా గొట్టం ఎక్కడికి వెళ్తుందని ఒక రైతు అడిగితే తనకు తెలియలేదు, తన పైవాడికీ తెలియలేదు. వెతికి తెలుసుకోవాల్సి వచ్చింది. "వాళ్లు అడక్కపోతే మా ఫ్యాక్టరీ మాకే తెలిసేది కాదు" అన్నాడు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాడు. వాళ్లు వచ్చేముందు వారం రోజులు ఊడ్చి తుడిచే రకం తనిఖీ కాదు ఇది, ఎందుకంటే వచ్చేవాళ్ల దగ్గర ముప్పై ఏళ్ల కిందటి లెక్క ఉంటుంది.

మా దగ్గర చట్టాలు లేక కాదు. 1974 నుంచి నీటి చట్టం ఉంది. కాలుష్య నియంత్రణ మండలి ఉంది. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అయితే ఆ చట్టం కింద ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి నమూనా తీసే అధికారం మండలి అధికారులది, వాగు ఒడ్డు రైతుది కాదు. ఫ్యాక్టరీ రాకముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు, టెంటు వేసి, మైకు పెట్టి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆమోదం పొందిన పారిశ్రామికవాడ లోపల వచ్చే చాలా వాటికి ఆ సభ కూడా అక్కర్లేదు. జరిగినా అది ఒక్కసారే, గేటు కట్టకముందు. గేటు కట్టాక లోపల ఏం జరుగుతుందో కింద ఉన్నవాళ్లకు వాసన బట్టే తెలియాలి. మాకు కావలసింది కొత్త మండలి కాదనీ, గేటు తాళం చెవి ఒకటి దిగువ ఊళ్ల చేతిలో ఉండటమనీ ఆ రాత్రి నాకు నమ్మకం కుదిరింది.

మరునాడు పొద్దున కొండ మీది మడ్డి కట్ట వైపు చూశాం. పైన గడ్డి, చెట్లు, మామూలు కొండలాగే ఉంది. దశాబ్దాలపాటు నూరిన రాయి మిగిల్చిన మడ్డి ఇలాంటి కట్టల వెనకే ఉంది. ఇప్పుడు తనిఖీ బృందం దృష్టంతా ఈ కట్టల మీదే. భూకంపం వస్తే? పోయినదానికంటే పెద్ద వాన పడితే? 2024 జనవరి 1న నోటో భూకంపం టొయామాను కూడా గట్టిగా ఊపింది. అంతకు ముందే, 2013 డిసెంబరులో, కంపెనీ క్షమాపణ చెప్పింది, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు కూడా డబ్బు ఇచ్చింది, ఇక వివాదం ముగిసిందని రెండు పక్షాలూ సంతకం చేశాయి. తనిఖీ మాత్రం ముగించలేదు, అది ఆ ఒప్పందం తర్వాతా సాగుతోంది. కట్ట ఉన్నంతకాలం సాగాలి.

తిరుగు రైల్లో మేనల్లుడి చేత ఆ మూడో కాగితాన్ని తెలుగులోకి చెప్పించుకుని రాసుకున్నాను. వాడు మధ్యలో, "మన దగ్గర కంపెనీలు దీని మీద సంతకం పెడతయా మామా?" అని అడిగాడు. అడగాల్సిన సమయం ఉంది, అనుమతులు తిరిగి ఇచ్చే ప్రతిసారీ అడగవచ్చు, మంజీర దిగువ పంచాయతీలన్నీ కలిసి తీర్మానం చేస్తే కాదనడం కష్టమవుతుంది అన్నాను. నమూనా ఏ రోజు తీయాలో ఊరు చెప్పాలి. పరీక్షించేవాళ్లను ఊరు ఎంచుకోవాలి. ఖర్చు ఫ్యాక్టరీది. ఫలితం తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించాలి, ఒక కాపీ బడిలో ఉంచాలి. చివరి రెండూ జపాన్ కాగితంలో లేవు, నేను చేర్చుకున్నవి. ఇంటికి వచ్చాక దాన్ని శుభ్రంగా టైపు చేయించాను. నక్కవాగు ఒడ్డు ఊళ్లలో ముందు ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో అమ్మమ్మ వాళ్ల ఊరి రైతులతో మాట్లాడుతున్నాను. నాట్లు అయిపోగానే కూర్చుందామన్నారు.